ఒక్క మచ్చ

రైలు హిందూపురం దాటింది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే తల్లి, కూతురి పక్కన కూర్చొని, బెంగళూరులో తీసిన తన స్కాన్ ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూస్తోంది.

“నా ఊపిరితిత్తుల్లో ఒక్క మచ్చా లేదు పాపా! చీరలో లోపమైనా నా కంటిని తప్పించుకుంటాదా?”

“గడ్డలు ఆడనే ఉండాయమ్మా.”

“మరి దీంట్లో కనపడవే?”

“ఇది హార్మోన్ స్కాన్. గర్భసంచి నుంచి పాకిన క్యాన్సర్ గడ్డలు హార్మోన్‌ను పట్టుకునేవైతేనే దీంట్లో మచ్చల్లా మెరుస్తాయి. కీమోకు లొంగలేదు కదా, మెరిస్తే హార్మోన్ మాత్రలన్నా పనిచేస్తాయని డాక్టర్లు అనుకున్న్యారు.”

“మెరవకపోతే?”

కూతురు ఫిల్మును కవర్లో పెట్టడానికి చెయ్యి చాచింది. రైలు పెనుకొండలో ఆగి, మళ్ళీ కదిలింది.

“నా కండ్లు మసకబారినాయి పాపా. నువ్వు వెలుగుకు పట్టి చూడు. యాడన్నా ఒక్క మచ్చ ఉంటాదేమో.”