గండి ఎక్కడ కొట్టాలి

ఏలూరులో వీడియో గేములు తయారుచేసే ఓ అమ్మాయి, కొల్లేటి రౌడీల మీద కొత్తగా చేస్తున్న ఆటను తన బాబాయికి చూపించింది. ఆయన ముఖం మాడిపోయింది.

"ఈ తెల్లలుంగీ రౌడీ నేనేగా?"

"పేరేమీ పెట్టలేదు కదండీ బాబాయ్."

"నా మీసం పెట్టావుగా! జనం నవ్వుతారు, తీసెయ్."

"తియ్యనండి. చూడండి, పక్కవాడి చేపల చెరువుకి గండి కొడుతున్నాడు."

"గట్టు మధ్యలో కొడితే తెల్లారినా తెగదే, తెలివితక్కువదానా! తూము పక్కన మన్ను గుల్లగా ఉంటుంది. అక్కడ నాలుగు పారలేస్తే చాలు."

ఆమె ఆట ఆపి బాబాయి వైపు తిరిగింది.

"నిరుడు మా నాన్న చెరువు తెగింది తూము పక్కనే బాబాయ్. చేపలన్నీ కొల్లేట్లో కలిసిపోతే, వరదకి గండి పడిందని ఊరంతా తిరిగి చెప్పింది మీరే."

"నోర్ముయ్! ఇది ఆట."

"ఆటలోవాడికి తూము సంగతి తెలీదండీ. తెలిసింది మీకే."