వంకలో దొరికిన తెడ్డు

పుంగనూరు దగ్గర చెరువులో పుట్టి పడవ వేసుకుని చేపలు పట్టే రఫీక్, వరదలో కొట్టుకుపోయిన తన సామాను కోసం చెరువు కింద పారే వంక వెంబడే అడుగుతూ దిగువ పల్లెకు వచ్చాడు. తెడ్డూ, లైఫ్ జాకెట్టూ ఒక ముసలామె ఇంటి వసారాలో కనిపించాయి.

“అమ్మా, అవి నావే. ఇస్తే తీసకపోతాను.”

“ఇయ్యను. అవి మునిగిపోయిన మనిషివి. వాళ్లోళ్లు వస్తే ఇస్తా.”

“ఎవురూ మునగలేదమ్మా. వాటి మనిషిని నేనే.”

“నువ్వా? ఎట్ట బయటపడితివి నాయనా?”

“నేను నీళ్లలో లేనే లేను. పుట్టిని గట్టున పెట్టి టీ తాగను పోయినా. చెరువు పొంగి పుట్టిని బోర్లదోసి దాంట్లో ఉండేటివన్నీ ఈడ్సకపోయినాయి.”

“టీ తాగతాంటివా! నీ శవం కోసం మావోళ్లు ముళ్లకంపల్లో పడి ఎతికినారప్పా. నాకు కూడు దిగలా.”

సామాను పోయిందని బాధపడ్డాడే గానీ, అది దొరికినవాళ్లు ఏమనుకుంటారో రఫీక్‌కు అప్పటిదాకా తట్టనే లేదు.

“నేనెవురో మీకు తెలీదు గదమ్మా.”

“తెలియాల్నా? ఎవురో తల్లి బిడ్డే గదా. అయినా ఈ కోటు తొడుక్కోకుండా యాల పెట్టుకోనుండావు?”

“ఉక్కపోస్తాదని పుట్టిలో పడేసింటానమ్మా.”

“ఇప్పుడు తొడుక్కో. నేను సూడాల.”

అతను తొడుక్కున్నాడు. ఆమె పట్టీలు బిగించి, అతని భుజం నిమిరింది. తర్వాత తెడ్డు చేతికిచ్చింది.

పుంగనూరు బస్సులో జనం వింతగా చూస్తున్నా, ఊరు చేరేదాకా రఫీక్ ఆ జాకెట్టు విప్పలేదు.