పొడుగు వాక్యం

కలకత్తా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్ వరండాలో తల్లి చిక్కుడుకాయలు తుంపుతోంది. కొడుకు, రెండో క్లాసు చదివే తన కూతురు అమ్ములుకి బడిలో ఏదో పరీక్ష చేయించి, అప్పుడే ఇంటికొచ్చాడు.

"ఏటన్నారురా?"

"పొడుగ్గా చెప్తే అమ్ములుకి అర్థం కాదటమ్మా. చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతోందట."

"ఎంత పొడుగేటి?"

"'ఎర్ర గొడుగు పట్టుకున్న అబ్బాయిని తరుముతున్న కుక్క వెనకాల నిలబడ్డ పిల్లని చూపించు' అన్నారు. ఇది కుక్కని చూపించింది."

"ఓస్, ఇంతేనా! నాకైతే గొడుగొక్కటే గుర్తుంది."

"వెటకారం వద్దమ్మా. ఈ వయసుకి రావాలట."

"రాదు మరి! పొద్దున్నే బెంగాలీలో మొదలెట్టి, హిందీలో పడి, తెలుగులో తేలతావు. పళ్ళు తోముకో, జడేయించుకో, సీసాలో నీళ్ళు పట్టుకో, అన్నీ ఒక్క ఊపిరిలోనే. అది బ్రష్షు పట్టుకుని అలా నిలబడిపోద్ది."

"సర్లే. వాళ్ళో కాయితం ఇస్తే సంతకం పెట్టేసొచ్చేను. నకలు నా జేబులో ఉంది."

"చదివే పెట్టేవా?"

"చదివేనమ్మా. కాయితమంతా ఒకటే వాక్యం. మొదట్లో పరీక్ష సంగతేదో ఉంది. ఆఖర్న 'నాకు సమ్మతమే' అనుంది."

"మజ్జిలో?"

"మజ్జిలో... గుర్తు లేదు."

"తియ్యి. ముక్క ముక్కగా చదువు."

"'పరీక్ష ఫలితాన్ని బట్టి... మా అమ్మాయిని... వచ్చే ఏడాది కూడా... రెండో క్లాసులోనే ఉంచడానికి...'"

"ఆగిపోయేవేట్రా? చదువు."

"'...నాకు సమ్మతమే.'"

"రేపు పొద్దున్నే బడికెళ్ళు. దాని పేరు కొట్టించి, నీ పేరు రాయించు."