జంగ్లీఘాట్‌లో కొత్త బట్టీ

సునామీ తర్వాత వచ్చిన తొలి వానాకాలం. దీవిలో సముద్రం పక్కనే ఉన్న జంగ్లీఘాట్‌లో ఒక ఇంటి వెనక పాక. అందులో కూలిపోయిన రొట్టెల బట్టీ. దాని ముందు ఆ ఇంటి ఇల్లాలు పుష్పావతి, ఆమె భర్త పెదబాబు, కొలతలు తీయడానికి వచ్చిన ఆమె తమ్ముడు గోపీచంద్.

“ఇటుకలు సగం మళ్ళీ పనికొస్తాయి బావా. మట్టి నేను తెప్పిస్తాను. మేస్త్రీ కూలీ, పైన రేకు. ఎంత లాగినా గవర్నమెంటిచ్చిన డబ్బులు దాటదు.”

“ఇటుకలొద్దన్నానా?”

“అన్నావు. ఎందుకొద్దో చెప్పలేదు.”

“గ్యాస్‌ది కావాలి. స్టీలుది. ఇలా తిప్పితే ఆరిపోవాలి. బస్, అంతే.”

“గ్యాస్‌దంటే చెన్నై నుంచి షిప్పులో రావాలి. దాని ఖరీదొకటి, షిప్పు కిరాయొకటి, హార్బరు నుంచి ఇక్కడికి మోయించడమొకటి. ఏటి బావా, అందులో బన్నులే కాలుస్తావా, బంగారం కాలుస్తావా?”

“డబ్బుల సంగతి నేను చూసుకుంటాను.”

“ఎలా చూసుకుంటావ్? అక్కా, ఎలా చూసుకుంటాడట?”

“ప్రోతరాపూర్ స్థలం అమ్ముతారట.”

“నాన్న నీకిచ్చిన స్థలమా?”

“ఇంకే స్థలముందిరా మాకు?”

“అరే, పాగల్ హో క్యా బావా? జంగ్లీఘాట్ అంతా మెరకకి పోదామని ఏడుస్తుంటే, మెరక మీదున్న జాగా అమ్మేసి సముద్రం పక్కన పొయ్యి కొంటావా?”

“పొయ్యి కాదు, ఓవెను.”

“ఏదైతేనేం, అందులో నువ్వు పడుకోగలవా? రేపు మళ్ళీ నీళ్ళొస్తే అది తేలుతుందా?”

“మీ అక్క కోసమేరా. పొగ. దాని కళ్ళు చూడు.”

“నా కళ్ళకేమైంది? ఇన్నేళ్ళూ లేని పొగ ఇప్పుడొచ్చిందా?”

“వయసొస్తోంది కదా.”

“నా ఒక్కదానికేనా వయసు?”

“బావకి రాలేదక్కా. ఆ రోజు చూశాను కదా. భూకంపానికి మీకేమైందోనని డిగ్నాబాద్‌లో మా ఇంటి నుంచి స్కూటరేసుకుని వస్తున్నానా, పై రోడ్డు మీద ఎవడో తలగడ చంకలో పెట్టుకుని పరిగెడుతున్నాడు. ఎవడ్రా బాబూ ఇంత స్పీడు అనుకున్నాను. చూస్తే మా బావే! స్పోర్ట్స్ కోటాలో నీకెప్పుడో ఉద్యోగం వచ్చీసేది.”

“ఒరే గోపీ.”

“ఇన్నాళ్ళూ అడుగుదామనుకుంటున్నాను, తలగడెందుకు బావా? అందులో ఏటైనా దాచావా?”

“నిద్రలో లేచానురా. చేతికేది తగిలితే అది...”

“పక్కన అక్క తగల్లేదా?”

“గోపీ! చాలు.”

“మజాక్ అక్కా. బావని నేను కాకపోతే ఎవరంటారు?”

“అన్నావు కదా. చాలు.”

“అయినా నువ్వే లేకపోతే ఈ వరసలో ఇళ్ళన్నీ బూడిదే. మీ పక్కింటి గవరమ్మ దీదీ మా వీధికొచ్చి కూడా అదే చెప్తోంది. భూమి అలా ఊగుతుంటే మా పుష్ప మండుతున్న బట్టీ వదిలి రాలేదు, నీళ్ళు కొట్టి నిప్పంతా ఆర్పి, నడుం లోతు నీళ్ళలో నడిచొచ్చింది అని. శాలువా ఊరికే కప్పలేదు మీ వీధి కమిటీవాళ్ళు. బావ కూడా చప్పట్లు కొట్టాడు, నేను చూశాను.”

“నువ్వు మేస్త్రీని తీసుకొస్తానన్నావు.”

“తెస్తాను బావా, తరిమెయ్యకు. కన్నారావు జెట్టీ దగ్గరే ఉన్నాడు. ఇటుకా, గ్యాసా, ఈలోగా తేల్చుకోండి. అక్కా, స్థలం కాగితం మీద మాత్రం సంతకం పెట్టకు.”

“నువ్వెళ్ళరా ముందు.”

“వెళ్తున్నాను, వెళ్తున్నాను.”

“...వెళ్ళాడా?”

“వెళ్ళాడు. వాడి నోటికి అడ్డూ ఆపూ లేదు. మనసులో పెట్టుకోకండి.”

“నేనేం పెట్టుకోలేదు.”

“పెట్టుకోకపోతే స్థలమెందుకు అమ్ముతున్నారు?”

“పొగ అని చెప్పాను కదా.”

“చెప్పారు.”

“కట్టెలు కూడా దొరకట్లేదు. డిపోలో అడిగితే...”

“నిన్నే తెచ్చారు మీరు.”

“ఎప్పుడూ దొరుకుతాయా?”

“నా వైపు చూసి చెప్పండి.”

“చూస్తున్నాను కదా.”

“బట్టీ వైపు చూస్తున్నారు.”

“...గ్యాస్‌దైతే ఇలా తిప్పితే చాలు పుష్పా. మళ్ళీ ఎప్పుడైనా భూమి కదిలినా నువ్వు ఆగక్కర్లేదు. నాతోపాటు వచ్చెయ్యొచ్చు.”

“మీతోపాటు.”

“అంటే, ఇద్దరం కలిసి.”

“కలిసి.”

“ఎందుకలా నా మాటే నాకు చెప్తావు?”

“ఊరికే. చెప్పండి.”

“నువ్వు వెనకే వస్తున్నావనుకున్నాను. పైకెక్కాక తిరిగి చూశాను. చూశాననే అనుకుంటున్నాను. చూడలేదేమో. చూసుంటే దిగేవాణ్ణి కదా?”

“నాకేం తెలుసు?”

“దిగేవాణ్ణే. నువ్వు కనిపించకపోతే ఎందుకు దిగను? అంటే... చాలామంది కిందికి చూస్తున్నారు. నేనూ వాళ్ళలోనే ఉన్నాను. నీళ్ళొస్తున్నాయని అరుస్తున్నారు. నేనూ అరిచాననుకుంటాను.”

“పోనీండి. అయిపోయింది.”

“అవలేదు. నిప్పార్పడానికి ఆగావని గవరమ్మ చెప్పినప్పుడు నాకేమనిపించిందో తెలుసా? హాయిగా అనిపించింది. నీకు పనుండి నువ్వే ఆగావు, నేను వదిలేసి రాలేదు. అలా అనుకున్నాను. ఆ శాలువా రోజున చప్పట్లు కొడుతుంటే నా చేతులు నావి కానట్టనిపించింది. ఈ బట్టీని చూస్తే ఒళ్ళు మండుతోంది. నిన్ను ఆపింది ఇదే కదా.”

“దానికి మా నాన్న స్థలమా?”

“నీకోసమే అంటున్నాను.”

“నాకోసం కాదండీ.”

“సరే, కాదు. నాకోసమే. ఇంక ఇటుకల బట్టీ నా ఇంట్లో కట్టనివ్వను. దాన్ని చూస్తూ ఎలా బతకమంటావ్?”

“నేను చూస్తూనే ఉన్నాను కదా.”

“నీకేం? నువ్వు చెయ్యాల్సింది చేశావు. పుష్పా, ఒక్కటి చెప్పు. ఆ నిప్పే లేకపోతే నువ్వు నా వెనకే వచ్చేదానివి కదా? అవునను చాలు. స్థలం మాట వదిలేస్తాను.”

“నిజంగా వదిలేస్తారా?”

“ఒట్టు.”

“సునామీకి ముందురోజు క్రిస్మస్. కేకుల ఆర్డర్లన్నీ ఇచ్చీసి ఇంటికొచ్చారు. అలిసిపోయి ఉన్నారు.”

“అయితే?”

“ఆ రాత్రి నాతో ఏమన్నారు?”

“ఏమన్నాను? గుర్తులేదు.”

“రేపు ఆదివారం, ఒక్క ఆర్డరూ లేదు, నువ్వూ హాయిగా పడుకో అన్నారు.”

“అన్నానేమో. ఇప్పుడదెందుకు?”

“పైకొచ్చాక గవరమ్మ అడిగింది. మీ ఆయన ఎప్పుడో వచ్చీసాడు, నువ్వేటే ఇంత ఆలస్యం అని. చుట్టూ అంతమంది వింటున్నారు. మీరు తల దించుకుని నిలబడ్డారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. బట్టీ ఆర్పి వచ్చానన్నాను.”

“పుష్పా...”

“ఆ రోజు నేను బట్టీ వెలిగించలేదండీ. మీరు నాకోసం తిరిగొస్తారని గుమ్మంలో నిలబడ్డాను.”