ముక్క టైలు

మియాపూర్‌లోని ఓ అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. మధ్యాహ్నం భార్యాభర్తలు భోజనానికి కూర్చున్నారు. ఆ గది గోడకు అవతలే బాత్రూం; అందులో టైల్స్ మార్చే పని నడుస్తోంది.

"నా స్నానం మగ్గుతోని మట్టి ఎత్తుతున్నరు. చూడవా నువ్వు?"

"మగ్గు కొత్తది కొందాం తియ్యుండ్రి. ముందు అన్నం తినుండ్రి."

"పని ఎందాక వచ్చింది?"

"పాత టైల్స్ తీసిండ్రు. మూలకు ముక్క టైలు వద్దు, నిండుదే పడాలన్న. సరేనమ్మా అని కాంట్రాక్టర్ జాగ కోసం రెండించులు చెక్కిచ్చిండు."

"గోడనా?"

"పిల్లర్. లోపలి చువ్వలు కనబడుతున్నయి."

"పిల్లర్ చెక్కుతుంటే చూసుకుంట నిలబడ్డవా?"

"టైలు పడితే ఏం కనబడదు, ఫికర్ చెయ్యకుండ్రి అన్నడు."

"ఈ గోడకు గా కాగితమేంది?"

"పొద్దున సన్న పగులొచ్చింది. పెరుగుతదేమో తెలుస్తదని దాని మీద మైదాతో అంటించిన."

"చినిగింది గదా!"

"వంట చేసేటప్పుడు మంచిగనే ఉండె."

ఇద్దరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయాయి. గోడ అవతల సుత్తి మాత్రం ఆగలేదు.

"నేనే అడిగిన, నిండు టైలు కావాలని."

"అది తర్వాత. నేను పోయి పని ఆపిస్త. నువ్వు పై ఇండ్లోళ్లకు చెప్పు, నేను కిందోళ్లకు చెప్త. ఇంజనీరు వచ్చి చూసేదాక ఈ బిల్డింగుల ఎవ్వరం ఉండొద్దు."