ముందుకెళ్ళు నాయనా

రా సాహితీ, ఇలా ఫ్యాను కింద కూర్చో. ఆ చిక్కుడుకాయలు ఇటు తే, మాట్లాడుతూనే ఈనెలు తీసేస్తాను. ఏంటీ, నిన్నటి సంగతా? వట్లూరులో మీ ఆడపడుచు ఉషశ్రీ కొడుకు ఒడుగులో, పిల్లాడు జోలె పట్టుకుని భిక్ష అడగ్గానే మనవాళ్ళందరూ పగలబడి నవ్వారెందుకనేగా? కొత్తకోడలివి, నీకెవరు చెబుతారు. మీ ఆయనా చెప్పడు, చెబితే వాడి పరువే పోతుంది. ఆ నవ్వు నిన్నటి పిల్లాడి మీద కాదమ్మా, మీ తాతగారి మీద. వీరరాఘవులు గారి మీద. మొగుడి పేరు చెప్పకూడదంటారు గానీ, పోయి ఇరవై రెండేళ్ళయింది, ఇప్పుడొచ్చి ఏమంటార్లే. మనిషి చెడ్డవారు కాదు, అది ముందు చెప్పాలి. గూడెం బజారులో బెల్లం కొట్టు మనది, నువ్వు చూళ్ళేదు, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. శనివారం పొద్దున్న ఎవరొచ్చి చెయ్యి చాపినా బెల్లం ముక్కా, గుప్పెడు బియ్యమూ పెట్టేవారు. మిగతా ఆరు రోజులూ ఒకటే మాట, తలకూడా ఎత్తకుండా, "ముందుకెళ్ళు నాయనా, శనివారం రా." నలభై ఏళ్ళు అదే మాట అని అని అది ఆయన నోటికి అలవాటైపోయింది. మనిషి ఒకచోట, మాట ఒకచోట. ఓసారి కరెంటాఫీసు నుంచి మీటరు చూసే ఆయనొచ్చి, ఏవండీ అంటే, ముందుకెళ్ళు నాయనా అన్నారు. పాపం ఆయన పక్కకొట్టు మీటరు రాసుకుని మళ్ళీ వచ్చాడు. నవ్వకు, ఇంకా ఉంది. నిద్రలో నేను దుప్పటి కాస్త లాక్కున్నా అదే మాట. కాపురం చేసిన నాకే శనివారం దాకా దుప్పటి లేదు.

సరే, ఎక్కడున్నాం, ఆఁ, మీ ఆయన కార్తికేయ ఒడుగు. మనవాళ్ళలో చాలామంది పెళ్ళికి ముందురోజు మొక్కుబడిగా కానిచ్చేస్తారు కదా. ఈయన ఒప్పుకోలేదు. "నా మనవడికి ఎనిమిదో ఏట చేయాల్సిందే, వాడు అడగాలి, నేను పెట్టాలి" అని ఒకటే పట్టు. భిక్ష పెట్టడానికని చిన్న వెండి గిన్నె చేయించి, రెండు నెలలు బీరువాలో పెట్టుకుని రోజూ తీసి చూసుకునేవారు. కార్తికేయ కూడా వాళ్ళ తాతయ్య ముందు నిలబడి నెలరోజులు అభ్యాసం చేశాడు. ఏలూరులో కల్యాణమండపం తీసుకున్నాం. కైకలూరు నుంచి, చింతలపూడి నుంచి, ఎక్కడెక్కడి చుట్టాలో దిగారు. ఈయన తెల్లవారుజామునే లేచి వంటవాళ్ళ నెత్తిన కూర్చున్నారు. పులిహోరలో చింతపండు చాలలేదని ఒక గొడవ, గుమ్మడికాయ ముక్కలు పెద్దవయ్యాయని ఒక గొడవ. ఇక భిక్ష వేళకి ముందు వరసలో కుర్చీలో కూర్చున్నారు, ఒళ్ళో బియ్యంతో వెండి గిన్నె. ఫ్యాను గాలి తగిలిందో లేదో, కళ్ళు మూతలు పడ్డాయి. గుండు, పిలక, పసుపు బట్ట, చేతిలో మోదుగ కర్ర, అబ్బ, ఎంత ముద్దొచ్చాడనుకున్నావ్ మీ ఆయన. ముందు వాళ్ళమ్మ, అదే మీ అత్తగారు భాగ్యశ్రీ పెట్టింది, తర్వాత నేను పెట్టాను. అప్పుడు తాతయ్య ముందుకెళ్ళి గొంతెత్తి, "భవతి భిక్షాం దేహి" అన్నాడు. ఈయన కళ్ళు తెరవలేదు. "ముందుకెళ్ళు నాయనా, శనివారం రా."

పెద్దవాళ్ళ మాట జవదాటకూడదని అప్పుడే కదా పురోహితుడు నాగేశ్వరరావు గారు చెప్పింది, వాడు నిజంగానే ముందుకెళ్ళిపోయాడు. పక్క కుర్చీలో మీ అత్తగారి నాన్నగారు, చింతలపూడి ఫణీంద్రగారు. ఆయన పెట్టేసి, "బావగారు ఇంకా కొట్టు కట్టెయ్యలేదనుకుంటాను" అన్నారు. ఇంకేముంది, మండపం గొల్లుమంది. సన్నాయి వాయించేవాడు నవ్వాగక ఊదలేకపోయాడు. ఆ నవ్వుకి ఈయన లేచి, సంగతి తెలిసి, గిన్నె పట్టుకుని పిల్లాడి వెనకాల పరుగు. వాడేమో వాళ్ళమ్మ వెనక్కి దూరి, "నాకొద్దు, తాతయ్య నన్ను పొమ్మన్నాడు" అని జోలె వెనక్కి లాగేసుకున్నాడు. మాకందరికీ నవ్వే గానీ, వాడు నిజంగా మనసు కష్టపెట్టుకున్నాడమ్మా. ఇంటికొచ్చాక కూడా మాట్లాడ్డే. సైకిలు కొంటానన్నారు, నాకొద్దు. కొల్లేట్లో పడవెక్కిస్తానన్నారు, నాకొద్దు. "ఆ గిన్నె వాడికిచ్చేయండి, అంతేగా" అన్నాను నేను. "అడక్కుండా పెడితే అది భిక్ష ఎలా అవుతుందే, వాడు నన్ను మళ్ళీ అడగాలి" అన్నారు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇంటినిండా చుట్టాలు, ఎవరు ఎదురైనా ముందుకెళ్ళు నాయనా అని ఆటపట్టించడమే. నేనూ అన్నాను ఒకసారి, కాఫీ ఇస్తూ. అనకుండా ఉండాల్సింది.

మూడోనాడు పిల్లలంతా వసారాలో వరసగా కూర్చుని సున్నుండలు తింటున్నారు. ఈయన ఏం చేశారో తెలుసా, తువ్వాలు జోలెలా కట్టుకుని, ఆ మోదుగ కర్రే పుచ్చుకుని, ఆ బొజ్జతో వచ్చి మనవడి ముందు నిలబడి, "భవతి భిక్షాం దేహి" అన్నారు. చుట్టాలంతా గుమ్మాల్లో. మీ ఆయన తలెత్తలేదు. నములుతూనే, "ముందుకెళ్ళు నాయనా, శనివారం రా." తాతని పట్టుకుని నాయనా అన్నాడమ్మా. అచ్చం ఆ గొంతే, ఆ విసుగే. ఈయన నవ్వలేదు. బుద్ధిగా పక్క పిల్ల దగ్గరికెళ్ళారు, అదీ పొమ్మంది. ఏడుగురు పిల్లలూ పొమ్మన్నారు. వరస చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ వాడి ముందే నిలబడ్డారు. అప్పుడు వాడు తలెత్తి చూశాడు. కొరికిన సున్నుండ, సగమే మిగిలింది, జోలెలో వేసి, లేచి చెయ్యి చాపి, "ఇప్పుడు నేనడుగుతా తాతయ్యా, పడుకోకు" అన్నాడు. వెండి గిన్నె ఇచ్చారులే, నువ్వు రోజూ వాడికి పెరుగన్నం పెడుతున్నావే, అదే.

ఆయనకి షుగరమ్మా. విపరీతం. ఇంట్లో తీపి వాసన కూడా తగలనిచ్చేదాన్ని కాదు నేను, కొట్టుకి మనిషిని పంపి మరీ కనిపెట్టేదాన్ని. ఆ సగం సున్నుండ చేతిలో పట్టుకుని నా వంక చూశారు. "భిక్ష పారేయకూడదు కదే" అన్నారు, చిన్నపిల్లాడిలా. నేను తల అటు తిప్పేసుకున్నాను. తిన్నారు. వేళ్ళకంటిన నెయ్యి కూడా నాకారు. ఆ ఏడు చలికాలం దాటలేదు ఆయన. అన్నేళ్ళ కాపురంలో అన్నీ వద్దు వద్దనే చెప్పాను గానీ, ఆ పూట ఒక్కటీ...

ఫోను మోగుతున్నట్టుంది లోపల. చూడు, మీ అత్తగారేమో.