దుర్గయ్య మామ గాలం గిరక

ఏందిరా అమరేందరూ, చేతుల మెరుస్తాంది? గాలం గిరకనా? జర ఇటియ్యి, సూస్త. అబ్బో, పట్నంల కొన్నవా? మంచిగనే ఉంది గని, లోపల గీ గరగర ఏంది? పండ్ల చక్రాలా? ఛీ, తీస్కపో. మా దుర్గయ్య మామ ఉంటె దీన్ని సూసి ఉమ్మేసేటోడు. ఎవలంటవా? మా అమ్మ తమ్ముడురా, వడ్ల దుర్గయ్య. దేవరకొండ ఇవతల మా ఊళ్లె నాగండ్లు, మంచం కోళ్లు చేసేటోడు. డిండి కట్ట కట్టేటప్పుడు ఆడ బంగ్లకు దర్వాజలు బిగియ్యవోయి, ఇంజినీరు దొర తాన గిరక సూసిండు. ఇగ పిచ్చి వట్టింది. మా అత్త అమృతమ్మ బువ్వ వెట్టి పిలిస్తె "ఆఁ ఆఁ" అంటడు, రాడు. జిట్రేగి చెక్కను, తిప్పుకుంట చెక్కే తరిమెన మీద గుండ్రంగ పట్టిండు, నడుమ ఒక్క ఉక్కు సీల, పక్కకు రెండు పిడులు, గంతే. పండ్లు లేవు, పట్టి ఆపేటిది ఏం లేదు. బరువు తగ్గాలెనని చుట్టూరంగ బొక్కలు పెట్టిండు. ఉఫ్ అని ఊదితె, రాట్నం లెక్క తిరుగుతనే ఉండేది. శాప గుంజితె పోనియ్యాలె, బొటనేలు అంచుకు ఆనిచ్చి మెల్లగ ఆపాలె, గదీ పనితనం. ఇంకో ముచ్చట చెప్పన్నా? ఆయన నీసు ముట్టడు! పట్టిన శాప పక్కింటి పోచయ్యకిచ్చి చేతులు కడుక్కుంటడు. "శాపతోని నాకేం పనిరా, గిరక తిరుగుడు సూడు" అంటడు.

గా గిరకతోనే ఇరికిండు గద. రజాకార్లు పోయిన్రు, మిల్ట్రీ వచ్చింది, తుపాకులు పట్టిన సంగపోళ్ల కోసం ఊరూరు ఎతుకుతున్నరు. మా ఊరికొచ్చిన జమేదారుకు ఇంతింత మీసాలు. మామ ఇంట్ల గిరక దొరికింది. గుండ్రంగుంది, చుట్టూ బొక్కలున్నయి. వాడు జేబులకెల్లి తూటా తీసి బొక్కల వెట్టిండు. ఏం చెప్పాలె, కొలిచినట్టే పట్టింది! తుపాకిల తిరిగేటిది గిదే అని అర్సిండు. మామ "శాపలు పట్టేది సాబ్" అన్నడు. "తింటవా?" "తినను సాబ్." "తిననోనికి ఎందుకురా?" అగ్గో! మా ఊరోళ్లు ఊకుంటరా? ఆదుకుందమని ముందటికొచ్చిన్రు. పోచయ్యైతె చేతులు జోడిచ్చి, "మస్తు పనోడు సాబ్! మా దుర్గయ్య చెయ్యలేనిది లేదు. మనసు వెడితె తుపాకి సుత చేస్తడు!" అన్నడు. ఓరి నీ నోట్ల మన్నువడ! సంగపోడని తోల్కపోయినోడు తిరిగొస్తడో రాడో తెల్వని రోజులురా అవి.

గని దేవుడు సల్లగ సూసిండు. జమేదారు గిరకను అటిటు తిప్పిండు, ఊదిండు, నవ్విండు. "అరే, ఖిలోనా హై! పిల్లలాడుకునే బొమ్మ. ఛోడ్ దో" అన్నడు. అయిపాయె గద? దండం వెట్టి ఇంట్లకు పోవాలె గద? మామ కదల్లే. "బొమ్మ గాదు సాబ్" అన్నడు! అత్త దర్వాజల నిలవడి కండ్లెర్రజేస్తాంది. నేను అంగి గుంజుతున్న, "ఊకో మామా, బొమ్మే అను." వింటడా? "గాదు. నీళ్లకాడికి రాండ్రి, సూపిస్త." అత్తను రానియ్యలే. మామను ముందట వెట్టుకొని డిండికి నడిపిచ్చిన్రు, ఎనుక మేము.

ఎర్రను గుచ్చి ఇసిరిండు. ఎంతకూ ఏదీ పడదు. జమేదారు తుపాకి ఈ భుజం మీదికెల్లి ఆ భుజం మీదికి మారుస్తుండు. మేం పానాలు గుప్పిట్ల వెట్టుకున్నం. అప్పుడు పడ్డది వాలుగ! గిరక గిర్రున తిరుగుతాంది, సప్పుడే లేదు. జమేదారుకు ఆగలే. గాలం కట్టె గుంజుకొని, తిరిగేదాని పిడి పట్టవోయిండు. టకటకమని ఏళ్లన్ని పగిలినయి, నెత్తురు. మేం కండ్లు మూసుకున్నం. మామేమో కోడు చెడగొట్టిన పనోన్ని తిట్టినట్టు, "ఇడువు! పిడి ఇడువు! బొటనేలు వెట్టు మొద్దూ!" అని మిల్ట్రీవోన్ని తిట్టవట్టె! వాడు బిత్తరవోయి బొటనేలు వెట్టిండు. శాప ఒడ్డుకొచ్చింది. ఏళ్లు చీక్కుంట, "నాకొకటి చేసియ్యి" అన్నడు జమేదారు. మామ ఆని చెయ్యి సూసి, "ఇప్పుడే వద్దు సాబ్, నీ చెయ్యి మొరటుంది" అన్నడు. వాడు పగలవడి నవ్విండు. నవ్వినంకనే మేం ఊపిరి ఇడిసినం, మామను ఇడిసిపెట్టిన్రు.

గని నెత్తురు సూసిన పోచయ్య మధ్యలనే ఊరికురికి, "అయిపాయె అమృతమ్మా" అని చెప్పిండట. మేం పోయేసరికి వాకిట్ల జనం, మా అత్త దుమ్ముల వడి పొర్లుతాంది. తలకాయ లేపి మామను సూసింది. సూసి, లేచి, చీపురు అందుకున్నది. "బొమ్మంటె నీ సొమ్మేం పోయేది? నీ సొమ్మేం పోయేది?" అని కొట్టుడే కొట్టుడు. మామ అన్ని దెబ్బలు తిని, మెల్లగ, "గది బొమ్మ గాదే" అన్నడు. అంతే, చీపురు కిందవడ్డది. ఆయన చెయ్యి పట్టుకొని ఆడనే కూలవడి ఏడ్సింది సూడు... పొద్దుగూకినా చెయ్యి ఇడువలే. 

...ఏంది గట్ల సూస్తవ్? ఎండ మీదికొచ్చింది, గా మంచం జర అటు జరుపు.